కొల్లేరు – ఐదో కాంటూరు

ఒక ప్రాంతంలోని భూమినంతటినీ ఒకే విధంగా వినియోగించుకోవడం సాధ్యం కాదు. కొంత నేల పైరుపంటలకు, కొంత నివాసాలకు, కొంత పరిశ్రమలకు అనువైనది. మరికొంత నేలను ప్రకృతికే విడిచిపెట్టాలి. ఈ వివేచనతో ప్రాంతాన్ని వలయాలుగా విభజించడం ఎంత ఆవశ్యకమో, ఎంత కష్టసాధ్యమో కొల్లేరు చరిత్ర తెలుపుతుంది.

కృష్ణా గోదావరీ డెల్టాల నడుమ పల్లంలో వెలసిన మంచినీటి సరస్సు కొల్లేరు. దండి 'దశకుమారచరితం'లో వర్ణించిన ఆంధ్రదేశపు మహాసరస్సు ఇదేనని పండితుల అభిప్రాయం. బుడమేరు, తమ్మిలేరు, రామిలేరు మొదలైన ఏరులు తెచ్చే వరదనీటిని ఇది తనలో నిలుపుకొని, ఉప్పుటేరు ద్వారా మెల్లగా బంగాళాఖాతానికి పంపుతుంది. వర్షకాలంలో విస్తరించి, వేసవిలో కుంచించుకొనిపోవడం దీని స్వభావం. అట్టి సరస్సుకు హద్దు నిర్ణయించడం ఎట్లా?

ఇందుకు నేల ఎత్తే ఆధారమైంది. సముద్రమట్టం నుండి ఒకే ఎత్తులో ఉన్న స్థలాలను కలిపే రేఖను కాంటూరు అంటారు. ఐదు అడుగుల ఎత్తును సూచించే రేఖ ఐదో కాంటూరు. 1999లో ప్రభుత్వం ఈ రేఖకు లోపలనున్న 308 చదరపు కిలోమీటర్ల ప్రాంతాన్ని వన్యప్రాణి అభయారణ్యంగా ప్రకటించింది. 2002లో రామ్‌సర్ ఒప్పందం కింద అంతకంటె విశాలమైన 901 చదరపు కిలోమీటర్ల ప్రాంతానికి అంతర్జాతీయ ప్రాముఖ్యం గల చిత్తడి నేలగా గుర్తింపు లభించింది. లోపలి వలయం పక్షులకు, సంప్రదాయరీతిలో సాగే చేపల వేటకు. వెలుపలి వలయం సేద్యానికి, చేపల పెంపకానికి – ఇదీ ఈ విభజనలోని ఆంతర్యం.

అయితే ఆ రేఖ గీయకముందే అక్కడ మనుషులున్నారు. లంకగ్రామాలున్నాయి, పట్టా భూములున్నాయి. 1970వ దశకంలో పేద మత్స్యకారుల సహకార సంఘాలకు చేపల చెరువుల నిమిత్తం ప్రభుత్వమే భూములిచ్చింది. కాలక్రమంలో అనేక చెరువులు కౌలు పేరిట ధనవంతుల చేతుల్లోకి పోయాయి. వాటి ఎత్తయిన గట్లు నీటి దారులకు అడ్డుగా నిలిచాయి. 2006లో సుప్రీంకోర్టు ఆదేశాల నేపథ్యంలో 'ఆపరేషన్ కొల్లేరు' పేరిట ఆ గట్లను తెగగొట్టారు. పెట్టుబడి పెట్టినవారు నష్టపోగా, చెరువుల మీద కూలితో బతికేవారు ఉపాధినే కోల్పోయారు. 2008లో అభయారణ్యాన్ని మూడో కాంటూరుకు కుదించాలని శాసనసభ తీర్మానించింది. 2011లో కేంద్రం నియమించిన నిపుణుల సంఘం ఐదో కాంటూరునే కొనసాగించాలని సూచించింది.

రేఖను లోపలికి జరిపితే సాగుకు నేల పెరుగుతుంది. కాని వరదనీటికి చోటు తగ్గుతుంది. ఆ నీరు చేలను, ఊళ్లను ముంచెత్తుతుంది. రేఖను నిలిపి, జీవనోపాధిని విస్మరిస్తే ఆకలి ఆ రేఖను దాటక మానదు. కాబట్టి హద్దును నిర్ణయించేటప్పుడు నీటి నడకను ఎరిగి ఉండాలి. ఆ హద్దు లోపలి భూములకు న్యాయమైన పరిహారాన్ని, మత్స్యకారులకు నిలకడైన ఉపాధిని సమకూర్చాలి. అప్పుడే ఆ రేఖను కాపాడే బాధ్యతను అక్కడి ప్రజలే స్వీకరిస్తారు.