ఒకసారి కాలిన అడవికి ముప్పు తప్పినట్టేనా?

ఒకసారి కాలిపోయిన అడవిలో మళ్లీ కాలడానికి ఇంకేం మిగులుతుంది? చాలామందికి వచ్చే అనుమానమే ఇది. అమెరికాలోని న్యూ మెక్సికో రాష్ట్రంలో హేమెజ్ కొండల పైన్ అడవులను చూస్తే జవాబు దొరుకుతుంది. పాత మంట ఎంత తీవ్రంగా కాల్చిందన్న దాన్ని బట్టే తర్వాతి మంట ఎలా ఉంటుందో చాలావరకు తేలుతుంది.

ఆ కొండల్లో పాండెరోసా పైన్ చెట్లు ఎక్కువ. ముదిరిన చెట్టుకు బెరడు మందంగా ఉంటుంది. పూర్వం కొన్నేళ్లకోసారి పిడుగులు పడి, నేల మీద చిన్న మంటలు పాకేవి. సూదుల్లాంటి ఎండుటాకులు, గడ్డి, చిన్న మొక్కలు కాలిపోయేవి. పెద్ద చెట్లు బతికేవి. 19వ శతాబ్దం చివర్లో గొర్రెలు, పశువుల మేతతో మంటను పాకించే గడ్డి తగ్గింది. ఆ తర్వాత ప్రభుత్వం ప్రతి మంటనూ ఆర్పేయడం మొదలుపెట్టింది. దాంతో చెత్త పేరుకుపోయింది, సన్న చెట్లు గుబురుగా పెరిగాయి. ఇప్పుడు నిప్పు పుడితే వాటి మీదుగా, నిచ్చెన ఎక్కినట్టు, పెద్ద చెట్ల కొమ్మల దాకా పోతుంది.

తేలికపాటి మంట చేసే మేలు

అడవిలో కాలే ప్రతిదాన్నీ నిపుణులు 'ఇంధనం' అంటారు. తేలికపాటి మంట ఈ ఇంధనాన్ని తగ్గించి, పెద్ద చెట్లను వదిలేస్తుంది. కొన్నేళ్ల పాటు అక్కడ మళ్లీ నిప్పు పడినా పెద్దగా చెలరేగదు. అయితే ఆకులు ఏటా రాలుతూనే ఉంటాయి కాబట్టి ఈ రక్షణ శాశ్వతం కాదు.

తీవ్రమైన మంట తెచ్చే ముప్పు

పెద్ద చెట్లు కూడా చచ్చిపోతే కథ మారుతుంది. మొదటి కొన్నేళ్లు కాలడానికి పెద్దగా ఏమీ ఉండదు. తర్వాత ఎండు మోడులు ఒక్కొక్కటిగా కూలి, నేలంతా దుంగలతో నిండుతుంది. నీడ లేకపోవడంతో గడ్డి పెరుగుతుంది. వేర్ల నుంచి మళ్లీ చిగురించే ఓక్ పొదలు కమ్ముకుంటాయి. పాండెరోసా విత్తనాలు మాత్రం తల్లి చెట్టుకు దగ్గర్లోనే పడతాయి. చుట్టుపక్కల బతికిన చెట్టే లేకపోతే కొత్త పైన్ మొలవడం కష్టం.

2011లో జరిగింది ఇదే

1996లో ఆర్పకుండా వదిలేసిన చలిమంట నుంచి డోమ్ కార్చిచ్చు పుట్టి, ఈ కొండల్లో సుమారు 16 వేల ఎకరాలను కాల్చింది. 2011 జూన్ 26న కరెంటు తీగల మీద చెట్టు పడి లాస్ కాంచాస్ కార్చిచ్చు మొదలైంది. ఒక్క రోజులోనే 40 వేల ఎకరాలు దాటింది, మొత్తం లక్షన్నర ఎకరాలకు పైగా కాలింది. డోమ్ మంటలో చెట్లు చచ్చి పొదలు పెరిగిన చోట్లు మళ్లీ తీవ్రంగా కాలాయి. ఒకప్పటి పైన్ అడవి అక్కడ పొదల నేలగా మారింది. కొండలు బోడిగా మారాక వానలకు వరదలు వచ్చి, శాంటా క్లారా ప్యూబ్లో అనే ఆదివాసీ సమాజం బాగా దెబ్బతింది.

మరి దారేంటి?

సన్న చెట్లను నరికి పలచన చేయడం, అనుకూలమైన వాతావరణం చూసి తక్కువ మంట పెట్టడం. రెండోదాంట్లో ప్రమాదమూ ఉంది. 2000 మే నెలలో ఇక్కడే అలా పెట్టిన మంట అదుపు తప్పి లాస్ అలమోస్ పట్టణంలోకి వచ్చింది. 400కు పైగా కుటుంబాలు ఇళ్లు కోల్పోయాయి. అందుకే గాలి, తేమ చూసుకోకుండా మంట పెట్టకూడదు. అలాగని చిన్న మంటనూ రానివ్వకపోతే, పేరుకున్న ఇంధనమంతా ఏదో ఒక ఎండాకాలం ఒక్కసారిగా అంటుకుంటుంది.