నిరుద్యోగం తగ్గింది, మరి జీతాలేవి?

కరోనా ఏడాదిలో మన దేశంలో నిరుద్యోగం తగ్గింది. అచ్చుతప్పు కాదు. ఏటా జరిగే జాతీయ శ్రామిక శక్తి సర్వే ప్రకారం 2019-20లో 4.8 శాతం ఉన్న నిరుద్యోగ రేటు 2020-21లో 4.2కి, 2022-23 నాటికి 3.2కి దిగింది. 2020 ఏప్రిల్-జూన్ మధ్య జీడీపీ నాలుగో వంతు దాకా పడిపోయిన దేశంలో!

కిటుకు లెక్కింపులో ఉంది. ఏడాదిలో 30 రోజులు పని చేసినా ఈ సర్వే దృష్టిలో ఆ మనిషికి పని ఉన్నట్టే. డబ్బు చేతికి రావాలన్న నియమమూ లేదు. అత్తగారి కిరాణా కొట్టులో కూర్చునే కోడలు, నాన్న వెంట పొలానికెళ్లే డిగ్రీ కుర్రాడు, ఇద్దరూ స్వయం ఉపాధి ఖాతాలోకే వెళతారు. పైగా నచ్చిన ఉద్యోగం దొరికేదాకా ఆగాలంటే ఇంట్లో నాలుగు డబ్బులుండాలి. లేనివాళ్లు ఏది దొరికితే దానికి పోతారు.

అలా పోయిన చోటు ఎక్కువగా పొలమే. దేశంలో పనిచేసేవారిలో వ్యవసాయం మీద ఉన్నవారు 2018-19లో 42.5 శాతం. ఏళ్ల తరబడి తగ్గుతూ వచ్చిన ఆ వాటా 2020-21లో 46.5కి ఎగబాకింది. హైదరాబాద్‌లో తాపీపని మానేసి పాలమూరు చేరిన మనిషి వల్ల ఇంటి ఎకరం రెండెకరాలు కాదు. అదే పంటకు పంచుకునే చేతులు పెరుగుతాయి, అంతే. 2023-24లోనూ ఆ వాటా 46.1 శాతం. అంటే చాలామంది తిరిగి బస్సెక్కలేదు, లేదా ఎక్కినవాళ్లు ఖాళీ చేసిన చోట్లను ఇంటి ఆడవాళ్లు నింపారు.

రెండోదానికి ఆధారం గట్టిగానే ఉంది. మహిళల్లో పనిలో ఉన్నవారు, పని వెతుకుతున్నవారు కలిపి 2019-20లో 30 శాతమైతే 2022-23కి 37 శాతం. దీన్ని సాధికారత అని చప్పట్లు కొట్టినవాళ్లున్నారు. నాకు చేతులు రాలేదు. ఇంటి సేద్యంలో, కొట్టులో జీతం లేకుండా సాయం చేసేవారి వాటా 2017-18లో 13.6 శాతం ఉంటే, 2022-23లో 18.3. నెల జీతగాళ్ల వాటా 2018-19లోని 23.8 నుంచి 20.9కి జారింది.

సర్కారు చేయి అందించలేదని కాదు. లాక్‌డౌన్ రోజుల్లో తెలంగాణలో తెల్లకార్డు మీద మనిషికి 12 కిలోల బియ్యం, కుటుంబానికి 1,500 రూపాయలు ఇచ్చారు. కేంద్రం ఇచ్చిన ఉచిత బియ్యం పొయ్యి ఆరకుండా చూసింది. అద్దె, ఫీజులు, మందుల ఖర్చులు మాత్రం బియ్యంతో తీరవు.

కోలుకున్నారో లేదో చూడటానికి నేను నమ్మే లెక్క ఉపాధి హామీది. రోజుకు 237 రూపాయల కూలి కోసం (2020-21లో మన రెండు రాష్ట్రాల రేటు అదే) ఎండలో మట్టి మోయడానికి ఎవరూ సరదాగా రారు. 2019-20లో దేశమంతటా 5.48 కోట్ల కుటుంబాలు ఆ పనికి వచ్చాయి. మరుసటి ఏడాది 7.55 కోట్లు. 61,500 కోట్ల బడ్జెట్ చాలక ఖర్చు లక్ష కోట్లు దాటింది. జీడీపీ ఎప్పుడో పాత గీత దాటేసిన 2023-24లోనూ ఆ పనికి వచ్చిన కుటుంబాలు దాదాపు 6 కోట్లు.