మీకు తెలుసా? మెట్రో తవ్వకంలో దొరికిన హత్య కేసు
బెంగళూరులో మెట్రో కోసం తవ్వుతుంటే మనుషుల ఎముకలు బయటపడతాయి. నలభై ఏళ్ల కిందట మాయమైపోయిన ఒక పురావస్తు శాఖ అధికారి కుటుంబానివి అవి. 2019 ఏప్రిల్ 12న వచ్చిన కన్నడ సినిమా ‘కవలుదారి’ కథకు ఇదే మూలం. అప్పట్లో ఆ కేసు చూసి, తేల్చకుండానే రిటైరైన ముత్తణ్ణగా అనంత్ నాగ్ నటించారు. దాన్ని మళ్లీ తవ్వే ట్రాఫిక్ ఎస్సై శ్యామ్ పాత్ర రిషిది. దర్శకుడు హేమంత్ ఎం. రావు. పునీత్ రాజ్‌కుమార్ పీఆర్‌కే ప్రొడక్షన్స్ పెట్టి తీసిన మొదటి సినిమా ఇది. అంత పెద్ద హీరో తన సంస్థ తొలి సినిమాలో తాను హీరోగా నిలబడకుండా కథను నిలబెట్టారు. అందుకే ఆయనంటే గౌరవం ఇంకా పెరుగుతుంది.

మెట్రో గుంతలో పాతకాలం బయటపడటం సినిమావాళ్ల ఊహ మాత్రమే కాదు. 2012లో కె.ఆర్. మార్కెట్ దగ్గర మెట్రో తవ్వకాల్లో టిప్పు సుల్తాన్ కాలం నాటి ఫిరంగులు దొరికాయి.

మరి ఎముకలు దొరికితే ఎవరివో ఎలా చెబుతారు? ముందు కటి ఎముక చూస్తారు. ఆడవాళ్లలో అది వెడల్పుగా, కింది కోణం విశాలంగా ఉంటుంది. మగవాళ్ల పుర్రెలో కనుబొమల పైన గట్టు కాస్త ఉబ్బెత్తుగా ఉంటుంది. పసిపిల్లల దగ్గరికి వచ్చేసరికి ఈ తేడాలేవీ ఇంకా ఏర్పడి ఉండవు, ఆడో మగో ఎముక చూసి చెప్పడం కష్టం. వయసు మాత్రం పెద్దవాళ్లకన్నా పిల్లలదే కచ్చితంగా తెలుస్తుంది. ఏ పన్ను వచ్చింది, ఏది ఇంకా చిగురు లోపలే ఉంది అన్నదాన్ని బట్టి లెక్క కడతారు. డీఎన్ఏ కోసం కూడా పంటినో, తొడ ఎముకనో ఎంచుకుంటారు. ఏళ్ల తరబడి మట్టిలో ఉన్నా గట్టిగా నిలిచేవి అవే. బిడ్డకు తల్లి నుంచి మాత్రమే వచ్చే ఒక రకం డీఎన్ఏ ఉంది, దాంతో తల్లి తరఫు బంధువులతో పోల్చి చూడవచ్చు.

నలభై ఏళ్ల తర్వాత హంతకుడు దొరికితే కేసు నడుస్తుందా? నడుస్తుంది. మూడేళ్ల వరకు జైలుశిక్ష పడే నేరాలకే మన చట్టం గడువు పెట్టింది, హత్యకు గడువే లేదు. 2024 జులై 1న కొత్త నాగరిక్ సురక్షా సంహిత అమల్లోకి వచ్చినా ఈ నియమం మారలేదు.

అయితే రిటైరైన పోలీసు హంతకుణ్ని తానే పట్టి అరెస్టు చేయవచ్చా? యూనిఫాం విప్పాక ఆయన మనలాంటి పౌరుడే. కళ్లెదుట ఘోరమైన నేరం చేసినవాణ్నో, కోర్టు పరారీ నేరస్థుడిగా ప్రకటించినవాణ్నో అయితే పౌరుడు కూడా పట్టుకుని పోలీసులకు అప్పగించవచ్చు. ఎప్పుడో జరిగిపోయిన హత్యకు ఆ వీలు లేదు. ఈ సినిమాలో నాకు బాగా నచ్చింది ఇక్కడే. ముత్తణ్ణకు కేసంతా తెలుసు, చేతిలో అధికారం లేదు. శ్యామ్‌కు ఉద్యోగం ఉంది, కానీ క్రైమ్ విభాగంలో కాదు. ఇద్దరూ కలిస్తే తప్ప ఒక్క అడుగు ముందుకు పడదు.

ఇదే కథ ‘కపటధారి’గా 2021 ఫిబ్రవరి 19న తెలుగులో వచ్చింది. సుమంత్ ట్రాఫిక్ ఎస్సై, నాజర్ రిటైర్డ్ అధికారి. దర్శకుడు ప్రదీప్ కృష్ణమూర్తి అంతకుముందు మన ‘క్షణం’ను 2017లో ‘సత్య’గా తమిళంలోకి తీసుకెళ్లిన వ్యక్తే. నాజర్ అనుభవం ఉన్న నటుడు, పాత్రకు లోటు చేయలేదు. అయినా నా ఓటు అనంత్ నాగ్‌కే. ఓడిపోయిన మనిషి మొండితనం ఆయన చూపులోనే కనిపిస్తుంది.

‘కేజీఎఫ్’ మొదటి భాగంలో కథ చెప్పే పెద్దాయనగా ఆయన మనకు తెలుసు. కానీ 1978లోనే శ్యామ్ బెనెగల్ తెలుగులో తీసిన ‘అనుగ్రహం’లో వాణిశ్రీ, స్మితా పాటిల్‌లతో కలిసి నటించిన హీరో ఆయనే.