కెర్నల్ ఇంటర్‌ఫేస్ మార్పు – డ్రైవర్ సవరణ: టైమర్ ఉదాహరణగా ఒక పరిశీలన

లైనక్స్ కెర్నల్ మూలపాఠంలో చేరకుండా విడిగా రాసుకున్న డ్రైవర్లు, కెర్నల్ కొత్త వెర్షన్ రాగానే కంపైల్ కాకుండా ఆగిపోవడం తరచూ జరిగేదే. అప్లికేషన్లు ఆధారపడే సిస్టమ్ కాల్స్‌ను చెడగొట్టరాదన్నది కెర్నల్ రూపకర్తలు గట్టిగా పాటించే నియమం. లోపలి ఫంక్షన్లకు మాత్రం అటువంటి హామీ లేదు. మూలపాఠంలోని డ్రైవర్లను మార్పు తెచ్చినవారే సవరిస్తారు. వెలుపలివాటి భారం వాటి రచయితలదే.

ఈ మార్పులలో టైమర్ ఉదంతం ప్రత్యేకంగా పరిశీలించదగినది. పూర్వం ‘సెటప్ టైమర్’కు మూడు అంశాలు అందించేవారు: టైమర్, గడువు తీరగానే నడవవలసిన ఫంక్షన్, ఆ ఫంక్షన్‌కు చేరవలసిన ఒక సంఖ్య. డ్రైవర్లు సాధారణంగా తమ పరికరానికి చెందిన స్ట్రక్చర్ చిరునామానే ఆ సంఖ్యగా పంపేవి. 2018 జనవరిలో వెలువడిన 4.15 వెర్షన్‌లో ఈ పద్ధతి తొలగిపోయింది. దాని స్థానంలో నిలిచిన ‘టైమర్ సెటప్’ (పదాల వరుస మాత్రమే మారినట్లు కనిపిస్తుంది) ఫంక్షన్‌కు టైమర్ చిరునామాను అందిస్తుంది. కీస్ కుక్ ప్రధానంగా నడిపిన ఈ సవరణకు భద్రత ఒక ముఖ్య కారణం. ఫంక్షన్ చిరునామా, దానికి చేరే విలువ ఒకే స్ట్రక్చర్‌లో ఉన్నప్పుడు, మెమరీ హద్దు దాటి రాయగలిగిన దాడిదారు రెండింటినీ తనకు అనుకూలంగా మార్చుకోగలడు.

కంపైలర్ దోషం చూపగానే కొత్త పేరు రాసి, పాత ఫంక్షన్‌పై బలవంతపు టైప్ మార్పిడి చేసేవారున్నారు. దోషసందేశం మాయమవుతుంది. గణయతులు కుదిరినంత మాత్రాన పద్యానికి అన్వయం కుదిరినట్లు కాదు కదా! ఫంక్షన్ తనకు అందిన టైమర్ చిరునామాను పరికరం చిరునామాగా భావించి, సంబంధం లేని మెమరీని చదువుతుంది, రాస్తుంది. టైమర్ ఆ స్ట్రక్చర్‌లో మొదటి సభ్యంగా ఉంటే రెండు చిరునామాలూ ఒకటే కనుక డ్రైవర్ సక్రమంగా నడిచినట్లే ఉంటుంది. ఇదే అన్నిటికంటే ప్రమాదకరమైన స్థితి. తరువాతి కాలంలో ఎవరో ఆ టైమర్‌కు ముందు మరో సభ్యాన్ని చేర్చిన రోజున యంత్రం కుప్పకూలవచ్చు; కారణం మాత్రం ఆ చేర్పులో కనబడదు.

సరైన సవరణ వేరు. టైమర్‌ను పరికరపు స్ట్రక్చర్‌లోనే సభ్యంగా ఉంచాలి. ఫంక్షన్ టైమర్ పాయింటర్‌ను స్వీకరించేలా తిరగరాయాలి. అందులో ‘ఫ్రమ్ టైమర్’ మాక్రోతో, సభ్యం చిరునామా నుంచి దాని స్థానభేదాన్ని తీసివేసి, మొత్తం స్ట్రక్చర్ చిరునామాను రాబట్టాలి.

పాత కెర్నళ్లపై కూడా నడవవలసిన డ్రైవర్‌లో రెండు రూపాలనూ వెర్షన్ షరతు కింద ఉంచుతారు. ఆ షరతులను ఫంక్షన్ల నడుమ వెదజల్లడం కంటే ఒకే హెడర్ ఫైలులో చేర్చడం మేలని ఈ వ్యాసకర్త అభిప్రాయం. వెర్షన్ సంఖ్యను మాత్రమే నమ్మడం కూడా చాలదు. కొన్ని పంపిణీ సంస్థలు కొత్త మార్పులను పాత సంఖ్య గల కెర్నళ్లలోకి తెచ్చుకుంటాయి. అందువల్ల ఆ ఫంక్షన్ నిజంగా ఉన్నదో లేదో నిర్మాణ సమయంలోనే చిన్న ప్రోగ్రాముతో పరీక్షించడం నమ్మదగిన మార్గం. 2025లో వచ్చిన 6.16లో ‘ఫ్రమ్ టైమర్’ సైతం ‘టైమర్ కంటైనర్ ఆఫ్’గా మారింది. ఈసారి మారినది పేరే కనుక హెడర్‌లో ఒక్క పంక్తి చేర్చితే సరిపోతుంది.