చెరువు నిండాలంటే కాలువ బాగుండాలి

లేపాక్షి అనగానే అందరికీ వీరభద్రస్వామి గుడి, ఏకశిలా నంది గుర్తుకొస్తాయి. రైతు బిడ్డలమైన మనకు చెరువులు కూడా గుర్తుకు రావాలి. మన కరువు సీమలో ఏడాదికి కురిసే వాన సుమారు 550 మిల్లీమీటర్లే. అందులో చాలా భాగం కొద్ది పెద్ద వానల్లోనే పడిపోతుంది. ఆ రోజు వంక నీళ్లు చెరువుకు చేరకపోతే ఆ ఏటి పంట పోయినట్లే. కాబట్టి చెరువు తవ్వే ముందు, దానికి నీళ్లు తెచ్చే కాలువను చూడాలి.

పూడిక ఎలా చేరుతుంది?

వేగంగా పారే నీరు మట్టిని మోసుకొస్తుంది. వేగం తగ్గిన చోట ముందు ఇసుక, తర్వాత సన్న ఒండ్రు దిగుతాయి. మలుపులు, వాలు తగ్గిన చోట్లు, కల్వర్టుల ముందు మేటలు పడేది ఇందుకే. కాలువలో కంపచెట్లు మొలిస్తే నీరు ఇంకా నెమ్మదించి మేట పెరుగుతుంది. చివరికి నీరు గట్టు తెంచుకుని పొలాల మీద పడుతుంది. చెరువు ఎండిపోతుంది.

నాటి నుంచి నేటి వరకు

కడప సీమలోని పోరుమామిళ్ల చెరువు శాసనం 1369 నాటిది. మంచి చెరువుకు ఉండవలసిన 12 అంగాలను, ఉండకూడని 6 దోషాలను అందులో చెప్పారు. రాయలసీమలో చెరువుల మరమ్మతు చూసేవారికి దశబంధ ఇనాం పేరుతో భూములిచ్చేవారు. చెరువు కట్టినవారు దాని పోషణ గురించి కూడా ఆలోచించారన్నమాట. 1997 చట్టంతో ఈ బాధ్యతలో నీటి వినియోగదారుల సంఘాలకు పాత్ర దక్కింది. 2006 ఫిబ్రవరి 2న ఉమ్మడి అనంతపురం జిల్లా బండ్లపల్లిలో మొదలైన ఉపాధి హామీ పథకంలోనూ పూడికతీతకు చోటిచ్చారు.

ఏం చేయాలి?

1. వానలకు ముందే, ఏప్రిల్, మే నెలల్లో పూడిక తీయాలి. కంపను వేళ్లతో సహా పెకలించాలి.

2. వాలు చెడకుండా తవ్వాలి. ఒకచోట ఎక్కువ లోతు చేస్తే అక్కడే నీరు నిలిచి మళ్లీ మేట పడుతుంది.

3. తీసిన మట్టిని గట్టు అంచున పోయరాదు. మొదటి వానకే అది తిరిగి కాలువలో పడుతుంది.

4. నీరు చెరువులో దిగే ముందు ఒక గుంత తవ్వితే ఇసుక అందులో ఆగుతుంది. దాన్ని ఏటా ఖాళీ చేయాలి.

5. పైన గుట్టల వాలులో రాతికట్టలు వేయాలి, పొలం గట్లపై గడ్డి పెంచాలి. మట్టిని పుట్టినచోటే ఆపితే కింద పని తగ్గుతుంది.

సన్న ఒండ్రును ఎర్రనేలలకు తోలితే తేమ ఎక్కువ రోజులు నిలుస్తుంది. అయితే చౌడు ఉందేమో ముందు పరీక్ష చేయించాలి. కట్ట మొదట్లో మట్టి తవ్వితే కట్టకే ప్రమాదం.

మిత్రులారా! వేసవి సెలవులకు ఊరికి వెళ్లినప్పుడు మీ చెరువు కాలువ వెంట ఒకసారి నడవండి. మేటలు, కంప, తెగిన గట్లు ఎక్కడున్నాయో కాగితం మీద గుర్తించి గ్రామసభలో పెద్దలకు చూపండి. మనం నేర్చిన చదువు ఊరికి పనికొచ్చేది ఇలాగే.