అడ్డసరము - ఉబ్బసము

సత్రపట్టి యనగానే గాయములకు గట్టు బ్యాండేజి గుడ్డ జ్ఞప్తికి వచ్చును. ఆ గుడ్డ నేయు మరమగ్గముల చెంత నూలు ధూళియు తప్పదు. ఉబ్బసము గల బిడ్డకు ధూళి గాని, పొగ గాని, జలుబు గాని ఆయాసమును రేపవచ్చును. అట్టివేళ పెద్దలు చెప్పు అడ్డసరపుటాకు కషాయమును గూర్చి తలిదండ్రులకు కొన్ని మాటలు మనవి చేయుచున్నాము.

ఉబ్బసములో రెండు వికారములు గలవు. శ్వాసనాళముల చుట్టునున్న కండరములు బిగిసికొనును. లోపలి పొర వాచి, కఫము చిక్కబడును. పిల్లికూతలు ఇందువలననే పుట్టును. బిగువు త్వరగా సడలవచ్చును గాని, బిడ్డ హాయిగా ఆడుకొనుచున్న దినములలోను వాపు లోలోపల నిలిచియుండవచ్చును.

మేక ముట్టని యాకు గనుక తమిళులు అడ్డసరమును ఆడాతొడై యందురు. 1888లో హూపరు అను రసాయన శాస్త్రజ్ఞుడు దీని ఆకులనుండి వాసిసిన్ అను పదార్థమును వేరుచేసెను. దానికి శ్వాసనాళముల బిగువును సడలించు గుణము గలదని తరువాతి ప్రయోగములు తెల్పినవి. దాని ననుసరించి తయారైన బ్రోమ్‌హెక్సిన్ 1963లో కఫమును పలుచబరచు మందుగా వాడుకలోనికి వచ్చెను. దగ్గుమందు సీసాలపై మనము చూచు ఆంబ్రాక్సాల్ దానినుండి పుట్టినదే.

మరి వాపు మాట యేమి? ఢిల్లీలోని సి.ఎస్.ఐ.ఆర్. జీనోమిక్స్ సంస్థ పరిశోధకులు ఉబ్బసము కల్పించిన ఎలుకలకు అడ్డసరపు సారము నిచ్చి, శ్వాసనాళముల వాపు తగ్గుటను గమనించి, 2021లో ప్రకటించిరి. ఇది ఆశాజనకమే. అయినను ఎలుకలలో కనబడినది మన బిడ్డలలో రుజువైనట్లు కాదు. ఇంట గాచిన కషాయములో మందు పాలెంతయో కొలత కూడ లేదు.

కావున వైద్యుడు వాపు నణచుటకు వ్రాసియిచ్చిన పీల్చు మందును, ఆయాసము లేదని గాని, కషాయ మిచ్చుచున్నామని గాని మానరాదు. కషాయ మిచ్చుచున్నచో వైద్యునికి దాచక తెలుపవలెను. వాసిసిన్ గర్భాశయమును సంకోచింపజేయును గనుక గర్భవతులు అడ్డసరమును వాడరాదు. బిడ్డకు మాట పెగలకున్నను, పెదవులు నీలివారినను, కషాయము కాచుచు కూర్చుండక తక్షణమే ఆసుపత్రికి గొనిపోవలెను.

ఉబ్బసము గల బిడ్డ సంచిలో వెంటనే ఉపశమనమిచ్చు పీల్చు మందు నుంచి, ఆ సంగతి ఉపాధ్యాయులకు తెలుపవలెనని కోరుచున్నాము. పెద్దల యాకును గౌరవింతము. బిడ్డ ఊపిరిని మాత్రము రుజువైన మందునకే అప్పగింతము.