పిలవని శ్రుతి: వఫ్రా ఇళ్ళలో స్పీకర్ల రొద

కువైట్ దక్షిణ కొసన, సౌదీ సరిహద్దుకు దగ్గరగా ఉన్న వఫ్రాలో ఇసుకనేల మీద పెంచిన తోటలూ, వాటి మధ్య ఇళ్ళూ ఉంటాయి. నగరపు సందడి లేని అక్కడి రాత్రుల్లో స్పీకర్ల నుంచి వచ్చే సన్నని రొద దాగదు.

దాని మూలం కరెంటు పౌనఃపున్యంలో ఉంది. కువైట్‌లో అది 50 హెర్ట్జ్, సరిహద్దు దాటితే 60. ఈ తేడా వల్లే రెండు గ్రిడ్లను నేరుగా కలపలేక, సౌదీలోని అల్ ఫధిలి వద్ద ఏసీని డీసీగా, మళ్ళీ ఏసీగా మార్చి కలిపారు. వఫ్రాలో వినబడే రొద 50 హెర్ట్జ్, లేదా దాని రెట్టింపు 100. ఒకటి కట్ట శ్రుతిలో పాడే పురుషగాత్రానికి మంద్ర పంచమం 98 హెర్ట్జ్. అంటే 100 హెర్ట్జ్ రొద, పంచమం కాస్త హెచ్చిన తంబురాలా పాటను వెన్నాడుతుంది.

మొదట యాంప్లిఫైయర్‌కు వచ్చే సిగ్నల్ తీగలన్నీ తీసి వినాలి. అప్పటికీ రొద ఉంటే లోపం సాధారణంగా దాని లోపలే ఉంటుంది. ఎండిపోయిన ఫిల్టర్ కెపాసిటర్లు ఇందుకు తరచు కారణం. ఉష్ణోగ్రత 10 డిగ్రీలు పెరిగితే వాటి ఆయుష్షు సుమారు సగమవుతుంది. 2016 జులై 21న మిత్రిబాలో 53.9 డిగ్రీలు నమోదైన దేశమిది. ప్లగ్గు తీసినా కెపాసిటర్లలో విద్యుత్తు నిలిచి ఉంటుంది కనుక ఆ పని నిపుణుడికే వదలాలి.

తీగలు తీస్తే రొద పోయిందా? అయితే అది గ్రౌండ్ లూప్. తెలుగు చానళ్ళ కోసం మేడ మీద పెట్టిన డిష్ ఒకచోట, యాంప్లిఫైయర్ మరొకచోట ఎర్త్ అవుతాయి. రెండింటి మధ్య ఒక్క మిల్లీవోల్టు తేడా ఉన్నా సిగ్నల్ తీగ పైకవచం గుండా ప్రవాహం సాగుతుంది. 300 మిల్లీవోల్టుల సిగ్నల్‌తో పోలిస్తే ఆ తేడా సుమారు 50 డెసిబెల్స్ మాత్రమే తక్కువ. పాట ఉధృతిలో తెలియకపోయినా, ఆలాపన ఆగిన క్షణాన వినిపిస్తుంది.

ఇక్కడే ప్రమాదకరమైన చిట్కా ఒకటుంది: ఎర్త్ తీసెయ్యడం. ఇండియా నుంచి తెచ్చిన గుండ్రని పిన్నుల ప్లగ్గును, ఎర్త్ అందని అడాప్టర్‌తో బ్రిటిష్ తరహా సాకెట్‌లో పెట్టినా జరిగేది అదే. రొద పోవచ్చు, దానితో రక్షణ కూడా పోతుంది. లోపల ఫేజ్ తీగ ఊడి లోహపు పెట్టెకు తగిలితే, ముట్టుకున్న మనిషి శరీరమే ఎర్త్ తీగ అవుతుంది. ఆడియో కోసం విడిగా ఎర్త్ రాడ్ పాతడమూ తప్పే. పొడి ఇసుక విద్యుత్తును బాగా అడ్డుకుంటుంది కనుక, ఫేజ్ పెట్టెకు తగిలినా బ్రేకర్ పడేంత ప్రవాహం అటు వెళ్ళకపోవచ్చు.

సరైన మార్గం సులభమే. ఆడియో పరికరాలన్నిటికీ ఎర్త్ ఉన్న ఒకే సాకెట్ నుంచి కరెంటు ఇవ్వండి. సెట్‌టాప్ పెట్టెను ఆపి డిష్ కేబుల్ విప్పినప్పుడు రొద ఆగితే, దొంగ దొరికినట్టే. అయితే ఆ కేబుల్ డిష్ తలకు డీసీ కరెంటునూ మోస్తుంది. డీసీని ఆపే ఐసోలేటర్ పెడితే చానళ్ళే రావు. దానికి బదులు పెట్టె నుంచి గానీ, టీవీ నుంచి గానీ ధ్వనిని ఆప్టికల్ కేబుల్‌తో యాంప్లిఫైయర్‌కు తీసుకోండి. కాంతికి ఎర్త్ అక్కర్లేదు. ఆ సదుపాయం లేని పాత పరికరాలకు సిగ్నల్ దారిలో ఆడియో ఐసోలేషన్ ట్రాన్స్‌ఫార్మర్ చాలు. లూప్‌ను తెంచవలసింది పాట వచ్చే దారిలోనే. ఎర్త్ తీగ జోలికి పోకూడదు.